తీరికకూ తర్ఫీదు కావాలి

రిటైరైన మర్నాడు కూడా ఉదయం ఐదింటికే మెలకువ వస్తుంది. వెళ్లాల్సిన చోటు లేదని తెలుసు. అయినా ఏడున్నరకల్లా స్నానం అయిపోతుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని పేపరు పట్టుకుని కూర్చుంటారు. పావుగంటలో అదీ పక్కన పెట్టేస్తారు. ఫోన్ మోగడం లేదేమిటా అని తీసి చూస్తారు. పదకొండింటికి వంటింట్లోకి వెళ్లి, పప్పుల డబ్బాల మీద పేర్లు రాసి ఎందుకు అంటించలేదని అడుగుతారు. సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేసినట్టు, ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది. ముప్ఫై అయిదేళ్లు ఎదురుచూసింది దీని కోసమేనా అన్న అనుమానం మొదలవుతుంది. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనరు.

మీ ఇంట్లో ఇలా జరుగుతుంటే కంగారు పడకండి. పదవీ విరమణ ఉత్తర్వు చేతికి వచ్చింది గానీ, ఒంటికి ఇంకా అందలేదు. అంతే. ఒంటికి అది అందాలంటే కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా చేయాల్సిన పని కొంత ఉంది. పింఛను కాగితాలకూ, పీఎఫ్ లెక్కలకూ, మెడికల్ ఇన్సూరెన్సుకూ ఏడాది ముందు నుంచే సిద్ధమయ్యే మనం తీరికకు మాత్రం ఏ సన్నాహమూ లేకుండా వెళ్లిపోతాం. సెలవు దొరికితే విశ్రాంతి దానంతట అదే వస్తుందన్న నమ్మకం మనది. రాదు. ఈత నేర్చుకున్నట్టే, కారు నడపడం నేర్చుకున్నట్టే దాన్నీ నేర్చుకోవాలి.

ఎందుకు రాదో ముందు చూద్దాం. మీరు బ్యాంకులో పని చేసి ఉంటే ప్రతి మార్చి 31నీ, ప్రతి ఆడిట్‌నీ దాటుకుంటూ వచ్చారు. హెడ్‌మాస్టరైతే పదో తరగతి ఫలితాలు వచ్చేదాకా నిద్రపోలేదు. ఆర్టీసీలోనో, పోలీసు శాఖలోనో, ఆసుపత్రి నర్సుగానో చేసి ఉంటే పండగ రోజు ఇంట్లో ఉన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే అర్ధరాత్రి కాల్సే పగటి పని. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ మెదడు ప్రమాదాన్ని పసిగట్టినట్టే స్పందిస్తుంది. సింపథెటిక్ నాడీ వ్యవస్థ చురుకవుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. మెడ, భుజాలు, దవడ కండరాలు బిగుసుకుంటాయి. జీర్ణక్రియ వెనకబడుతుంది. ప్రమాదం తప్పాక పారాసింపథెటిక్ వ్యవస్థ అందుకుని వీటన్నింటినీ మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది. శరీరంలో ఉన్న ఏర్పాటు ఇదే. చిక్కేమిటంటే, ఒక గండం గడిచేలోపే ఇంకోటి వచ్చి పడే ఉద్యోగాల్లో ఈ రెండో భాగానికి పని తక్కువ. దశాబ్దాల తరబడి అలా గడిచాక బిగింపే మామూలు స్థితి అనిపిస్తుంది. భుజాలు చెవుల దాకా ఎత్తి కూర్చున్న సంగతి కూడా మనకు తెలియదు.

అందుకే వదులుగా ఉండటం కొందరికి సుఖంగా ఉండదు సరికదా, భయంగా ఉంటుంది. ఇది నిజంగా ఉన్న విషయమే. 1983లో హైడ్, బోర్కోవెక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద పరిశోధన చేసి, సేదదీరడం వల్ల కలిగే ఆందోళన అని పేరు కూడా పెట్టారు. కళ్లు మూసుకుని ఒళ్లు వదిలేయమంటే కొందరికి గుండె దడ ఎక్కువైంది. పట్టు జారిపోతోందన్న భావన కలిగింది. మైగ్రెయిన్ ఉన్నవాళ్లకు ఇలాంటిదే ఇంకో అనుభవం ఉంటుంది. వారమంతా బాగానే ఉండి, సరిగ్గా సెలవు రోజునే తలనొప్పి పట్టుకుంటుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గిన తర్వాతి గంటల్లోనే మైగ్రెయిన్ వచ్చే అవకాశం పెరుగుతోందని న్యూయార్క్‌లో జరిగిన ఒక అధ్యయనం 2014లో చూపించింది.

అదే ఏడాది వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన ప్రయోగం గురించి విన్నారా? మనుషుల్ని 15 నిమిషాల పాటు ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు. ఊరికే ఆలోచించుకుంటూ ఉండాలి. చిన్నపాటి కరెంటు షాక్ ఇచ్చే మీట మాత్రం అందుబాటులో ఉంచారు. అది అంతకుముందు రుచి చూసి, మళ్లీ తగలకుండా ఉండేందుకు డబ్బులైనా ఇస్తాం అన్నవాళ్లే వీళ్లు. తీరా చూస్తే 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా ఆ మీట నొక్కుకున్నారు! ఊరికే కూర్చోవడం కన్నా షాకే నయమనుకున్నారన్నమాట. రిటైరైన పెద్దాయన పొద్దున్నే ఫ్యాను రెక్కలు తుడవడానికి స్టూలెక్కితే నవ్వకండి. ఆయన మీట అది. స్టూలు మీంచి పడతారేమోనని మాత్రం చూసుకోండి.

మన దగ్గర దీనికి ఇంకో పొర కూడా ఉంది. 'ఊరికే కూర్చున్నాడు' అన్నది మన ఇళ్లలో తిట్టు. 'ఏం చేస్తున్నావ్?' అని ఎవరైనా ఫోన్ చేస్తే, హాయిగా పడుకుని ఉన్నా 'ఏం లేదు, ఇప్పుడే కాస్త నడుం వాల్చా' అంటూ సంజాయిషీ ఇచ్చుకుంటాం. తీరిక అన్న మాటలోనే 'తీరడం' ఉంది చూడండి. పని తీరిపోతేనే తీరిక. మధ్యతరగతి ఇంట్లో పని తీరిపోయేది ఎప్పుడు? పిల్లల చదువయ్యాక, అమ్మాయి పెళ్లయ్యాక, ఇంటి లోను తీరాక అనుకుంటూనే అరవై దాటుతాం. పనీపాటా అని రెండింటినీ జంటగా పలికే భాష మనది. పని మిగిలింది, పాట ఎక్కడో జారిపోయింది.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఉద్యోగులు రోడ్డెక్కిన సంగతి పాతతరానికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడది తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. వయసు పెంచినప్పుడల్లా ఉద్యోగులకు ఊరటే. జీతం అవసరం అందుకు పెద్ద కారణం, కాదనలేం. కానీ ఇంట్లో కూర్చుని ఏం చేయాలన్న బెంగ కూడా అందులో కొంత ఉంటుంది. మన దేశంలో 60 ఏళ్లు దాటిన మనిషి సగటున ఇంకో 18 ఏళ్ల దాకా జీవిస్తాడు. అంటే ఓ బిడ్డను పుట్టినప్పటి నుంచి ఓటుహక్కు వచ్చేదాకా పెంచేంత కాలం. అందులోనూ మోకాళ్లు, కళ్లు, చెవులు బాగా సహకరించేది మొదటి పదేళ్లే. ఆ పదేళ్లలో రెండు మూడేళ్లు చిరాకుతోనూ, టీవీ ముందూ, గిల్లికజ్జాలతోనూ పోతే తిరిగి రావు.

రిటైర్మెంట్ తర్వాత మనసు ఎలా మారుతుందో అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ ఆచ్లీ 1976లోనే వివరించారు. మొదట కొత్త పెళ్లి సంబరం లాంటి దశ. తీర్థయాత్రలు, బంధువుల ఇళ్లు, వాయిదా పడ్డ పంటి వైద్యం, ఇంటికి సున్నాలు. తర్వాత నీరసం కమ్మే దశ. అది అందరికీ రాకపోవచ్చు, వస్తే మాత్రం ఉలిక్కిపడేలా వస్తుంది. ఆ తర్వాత మనిషి తన రోజును తానే కొత్తగా అల్లుకుంటాడు. మన దగ్గర చాలామంది ఈ రెండో దశలో కాలు పెట్టగానే భయపడి ఏదో ఒక పదవి నెత్తిన వేసుకుంటారు. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, గుడి కమిటీ కోశాధికారి, తెలిసినవాళ్ల కాలేజీలో 'ఊరికే సలహాదారు'. మూడు నెలలు తిరిగేసరికి లిఫ్టు మెయింటెనెన్స్ బిల్లు మీద తగాదాలు, మళ్లీ బీపీ. మా సలహా ఒకటే. డబ్బు అవసరం లేనివాళ్లు మొదటి ఆరు నెలలు ఏ పదవికీ ఒప్పుకోకండి. 'ఇప్పుడేం చేస్తున్నారు?' అని అడిగితే 'ఇంట్లో ఉంటున్నా' అని చెప్పడం అలవాటు చేసుకోండి. మొదట్లో నోరు రాదు. నాలుగోసారికి వస్తుంది.

డబ్బు అవసరం ఉన్నవాళ్ల సంగతి వేరు. ప్రైవేటు ఉద్యోగం నుంచి బయటికి వచ్చి ఈపీఎఫ్ పింఛను మీద ఆధారపడిన కుటుంబాలు మన మధ్యే ఎన్నో ఉన్నాయి. 2014 నుంచి ఆ కనీస పింఛను నెలకు 1000 రూపాయలే. అలాంటి ఇంటిపెద్దకు తీరిక గురించి చెప్పడం పుండు మీద కారం చల్లడమే అవుతుంది. అయితే పని చేయక తప్పనివారికీ ఒళ్లు వదులు చేసుకునే విద్య అక్కరకొస్తుంది. నిజానికి వాళ్లకే ఎక్కువ.

ఆ విద్యలో మొదటి పాఠం ఒంటికి. షికాగోలో పనిచేసిన వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ మానసిక వైద్యులు నేర్పుతున్నారు. బిగుసుకోవడమంటే ఏమిటో కండరానికి తెలిస్తేనే వదులు కావడం తెలుస్తుందన్నది ఆయన సూత్రం. చాప మీదో, మంచం మీదో వెల్లకిలా పడుకోండి. కుడి పిడికిలి ఐదారు సెకన్లు గట్టిగా బిగించి, ఒక్కసారిగా వదిలేయండి. వదిలాక చేయి బరువుగా, వెచ్చగా అనిపించడాన్ని పావు నిమిషం అలా గమనిస్తూ ఉండండి. తర్వాత ఎడమ పిడికిలి, మోచేతులు, భుజాలు, నుదురు, దవడ, పొట్ట, తొడలు, పిక్కలు. మొత్తం పదిహేను నిమిషాలు. నొప్పి ఉన్నచోట బిగించకండి. దవడ దగ్గర చాలామంది ఆశ్చర్యపోతారు, అంత బిగువు అక్కడ దాక్కుని ఉంటుంది. శవాసనం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కాకపోతే శవాసనంలో పడుకుని మనసులో కూరగాయల లెక్కలు వేసుకునేవాళ్లకు, చేయడానికంటూ ఓ పని చూపించే ఈ పద్ధతి సులువు.

శ్వాసకూ అంతే. నిమిషానికి ఆరు సార్ల దాకా తగ్గించి, లోపలికి తీసుకునే దానికన్నా వదిలేది కాస్త ఎక్కువసేపు ఉండేలా చూసుకుంటే వేగస్ నాడి ద్వారా గుండె వేగం నెమ్మదిస్తుంది. బిగబట్టాల్సిన పని లేదు. ముఖ్యంగా గుండె జబ్బు, ఆస్తమా, సీఓపీడీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టే సాధనలు డాక్టరును అడగకుండా చేయొద్దు. కళ్లు మూసుకుంటే దడగా ఉండేవాళ్లు కళ్లు తెరిచే చేయండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి వారానికి కాస్త పెంచండి. కొత్త కోడలిని మొదటిరోజే వంద మందికి వండమనం కదా.

రాత్రిళ్లు వచ్చే ఆఫీసు కలల గురించి కూడా చెప్పాలి. సంతకం పెట్టని ఫైలు, తాళం వేయని లాకరు, పరీక్ష హాల్లో తక్కువైన ప్రశ్నపత్రాలు. రిటైరై ఏళ్లు గడిచినా ఇవి వస్తుంటాయి. పూర్తికాని పనిని మెదడు అంత తేలిగ్గా వదలదని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే రాశారు. దీనికి ఓ చిన్న ఉపాయం పనిచేస్తుంది. పడుకునే ముందు ఐదు నిమిషాలు కూర్చుని, రేపు చేయాల్సినవన్నీ కాగితం మీద పెట్టేయండి. కరెంటు బిల్లు, మందుల చీటీ, పెద్దక్కకు ఫోన్, ఏదైనా సరే. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 2018లో ప్రచురితమైన ప్రయోగంలో ఇలా రాసుకున్నవాళ్లు, చేసేసిన పనులను రాసుకున్నవాళ్ల కన్నా సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రలోకి జారుకున్నారు. ఖరీదేమీ లేని మందు కాబట్టి ప్రయత్నిస్తే పోయేదేం లేదు.

ఇక మనవాళ్లు ఎక్కువగా పడే గోతి ఒకటుంది. ఆరోగ్యాన్నే కొత్త ఉద్యోగంగా మార్చేసుకోవడం. పొద్దున్నే లేచి బీపీ, టిఫిన్‌కు ముందు షుగరు, తర్వాత షుగరు, సాయంత్రం మళ్లీ బీపీ. అన్నీ ఒక రిజిస్టర్లో, ఎర్ర పెన్నుతో అండర్‌లైన్లు. నాలుగు పాయింట్లు తేడా వస్తే ఇంట్లో అందరికీ మెమో. డాక్టరు చెప్పినన్నిసార్లు చూసుకోవడం అవసరమే. కానీ ఆందోళనతో మాటిమాటికీ చూసుకుంటే ఆ ఆందోళనకే బీపీ పెరుగుతుంది. పెరిగిందని మళ్లీ చూస్తాం. నడక సంగతీ ఇంతే. పదివేల అడుగులు పూర్తి కాలేదని రాత్రి పదింటికి హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్లు ఎందరో. ఆ పదివేల లెక్క వైద్యశాస్త్రం పుట్టించింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక నడక మీటరు పేరులో ఉన్న అంకె అది! ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. 65 దాటినవారికి దాంతోపాటు వారంలో మూడు రోజులు తూలిపోకుండా నిలబెట్టే వ్యాయామాలు, బలం పెంచేవి. ఇందులో ఎక్కడా పోటీ లేదు. విశాఖ బీచ్ రోడ్డులోనో, మీ కాలనీ పార్కులోనో నడుస్తుంటే మధ్యలో ఆగి ఎవరితోనైనా మాట్లాడితే నడక చెడిపోదు. ఆ మాటలూ మందే.

అలాగని మంచానికి అతుక్కుపోమని కాదు. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1985 నుంచి సాగుతున్న వైట్‌హాల్ 2 అధ్యయనంలో, పదవీ విరమణ తర్వాత పదాలను గుర్తుపెట్టుకునే శక్తి తగ్గే వేగం పెరిగినట్టు కనిపించింది. మెదడుకు పని కావాలి, అయితే పై అధికారి లేని పని. చేతులకు పని చెప్పేది, రోజురోజుకూ కాస్త మెరుగయ్యేది, పాడైనా ఎవరూ అడగనిది అయితే మరీ మంచిది. మేడ మీద నాలుగు కుండీల్లో గోంగూర, బచ్చలి పెంచండి. చిన్నప్పుడు వదిలేసిన వయొలిన్ దుమ్ము దులపండి. ఆవకాయ కలపడం నేర్చుకోండి, మగవాళ్లైనా సరే. పాత ఫొటోల వెనక పేర్లూ ఊళ్లూ రాసిపెట్టండి, మీ తర్వాత ఆ ముఖాలు గుర్తుపట్టేవాళ్లు ఉండరు. గంటల తరబడి టీవీ చర్చలు చూడటం, ఫోన్లో వీడియోలు తోసుకుంటూ పోవడం మాత్రం విశ్రాంతి లెక్కలోకి రావు. చర్చ ముగిశాక మీ దవడ ఎలా ఉందో ఓసారి తడిమి చూసుకోండి.

ఇల్లూ ఆఫీసూ కాక ఇంకో చోటు ఉండాలి మనిషికి. ఒకప్పుడు వీధి అరుగులు, రచ్చబండలు ఉండేవి. అపార్ట్‌మెంట్లకు అరుగుల్లేవు. సెల్లారులో సెక్యూరిటీ కుర్చీ తప్ప కూర్చునే చోటే ఉండదు. కానీ గ్రంథాలయాలు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది. మీ ఊళ్లోనూ ఓ శాఖా గ్రంథాలయం ఉండే ఉంటుంది. రోజూ ఓ వేళకు చెప్పులేసుకుని బయటికి వెళ్లే చోటు ఉంటే ఆ మనిషి ముఖమే వేరుగా ఉంటుంది. ఇంట్లో మిగిలినవాళ్ల ముఖం కూడా!

ఆ మిగిలినవాళ్ల గురించి. భర్త రిటైరయ్యాక భార్యలకు నిద్ర పట్టకపోవడం, కడుపునొప్పి, దద్దుర్లు, దిగులు రావడం జపాన్ వైద్యుడు నొబువొ కురొకావా గమనించి, 1991లో 'రిటైరైన భర్త జబ్బు' అంటూ దానికో పేరు పెట్టారు. మనదగ్గర పేరు పెట్టలేదు, అంతే తేడా. ఇంతకాలం తొమ్మిది నుంచి ఆరు దాకా ఆ ఇల్లు ఆమెది. ఇప్పుడు గంటకోసారి టీ, 'ఎవరు ఫోన్ చేసింది', 'ఎక్కడికి బయల్దేరావు'. ఆయన విశ్రాంతి ఆమెకు అదనపు డ్యూటీ అయింది. ఆమె కూడా ఉద్యోగం చేసి రిటైరైతే ఇంకా అన్యాయం. 2024లో కేంద్రం నిర్వహించిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. ఆ పనుల్లో చేయి వేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. సన్మానసభలో శాలువా కప్పి 'ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి మేడమ్' అంటారు. మేడమ్ ఇంటికొచ్చి రాత్రి చపాతీ పిండి కలుపుతారు. పనిమనిషిని కూడా 'ఇప్పుడు ఇంట్లోనే ఉంటావుగా' అని మాన్పించేస్తారు.

కాబట్టి సార్, మీరు రిటైరైన నెలలోనే ఇంట్లో ఓ పూట మొత్తాన్ని మీ పేరున రాయించుకోండి. పొద్దున కాఫీ టిఫినో, రాత్రి భోజనమో. 'సాయం చేస్తా' అనొద్దు, ఆ పూట బాధ్యత మీదే. సరుకులు నిండుకున్నాయో లేదో చూసుకోవడం దగ్గర్నుంచి గిన్నెలు సర్దడం దాకా. అమ్మా, ఆయన పెట్టిన ఉప్మా ఉండలు కడితే మీరు గరిటె లాక్కోకండి. ఆ పూట మీ తీరిక. దాన్ని ఆయనకు పాఠాలు చెబుతూ ఖర్చు చేసుకోవద్దు. ఇద్దరూ రోజంతా కలిసే ఉండాలన్న నియమం కూడా ఏమీ లేదు. మధ్యాహ్నం రెండు గంటలు ఎవరి గదిలో వాళ్లుంటే కాపురాలు కూలిపోవు.

పిల్లలకు కూడా ఓ మాట. అమ్మానాన్నలు రిటైరయ్యే తేదీని చూసుకుని పాపాయిని చూసుకోవడానికి టికెట్లు బుక్ చేసే ఇళ్లు మాకు తెలుసు. బెంగళూరైతే ఓ సంగతి. అమెరికాలో అయితే విజిటర్ వీసా మీద ఆరు నెలలు, బయట మంచు, కారు నడపడం రాదు, వెళ్లడానికి తెలిసిన ఇల్లు లేదు. మనవల మీద ప్రేమతో వాళ్లు కాదనరు. కాదనలేరు కాబట్టే మీరు అడిగే తీరు మారాలి. వారంలో ఏ రెండు రోజులు పూర్తిగా వాళ్లవో ముందే చెప్పండి. ఆ రోజుల్లో పాపాయి మీ బాధ్యత.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. మన భాషలో టెన్షన్ అంటే మానసిక ఒత్తిడి. దాంతో హైపర్‌టెన్షన్ అన్నా ఒత్తిడి వల్ల వచ్చేదేనని చాలామంది అనుకుంటారు. ఉద్యోగం పోయింది, టెన్షన్ పోయింది, ఇక బీపీ మాత్రలెందుకని సొంతంగా ఆపేస్తారు. అది ప్రాణం మీదకు తెస్తుంది. హైపర్‌టెన్షన్ అంటే రక్తనాళాల్లో పీడనం. వయసు, ఉప్పు, బరువు, వంశపారంపర్యం, కిడ్నీలు ఎన్నో దానికి కారణాలు. ఒత్తిడి అందులో ఒక్కటి మాత్రమే. నిజంగానే బీపీ తగ్గితే మోతాదు డాక్టరే తగ్గిస్తారు. మీరు ఆపొద్దు.

అలాగే అన్నింటినీ 'రిటైరయ్యారు కదా, అందుకే' అని కొట్టిపారేయకండి. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైనవీ రుచించకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి భయం వేయడం, తిండి తగ్గి బరువు పడిపోవడం, నేనెందుకూ పనికిరానన్న మాట పదేపదే రావడం డిప్రెషన్ లక్షణాలు కావొచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. నీరసం వెనక థైరాయిడ్, రక్తహీనత ఉండొచ్చు. రాత్రి గట్టిగా గురక, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ అప్నియా ఉందేమో చూడాలి. మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుంటే అది గ్యాసో, ఖాళీగా ఉండటం వల్లో అనుకుని కూర్చోవద్దు. 'సాయంత్రం ఓ పెగ్గు' కాస్తా మధ్యాహ్నానికి జరిగిందంటే ఇంట్లోవాళ్లు సిగ్గుపడకుండా డాక్టరుతో మాట్లాడాలి. చనిపోవాలన్న మాట నోటి వెంట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు రోజులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వయోవృద్ధుల సమస్యలకు 14567 ఉంది.

ఇంకా సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు ఇదంతా తమకు కాదనుకుని పేజీ తిప్పేసే ఉంటారు. తిప్పకపోతే ఓ లెక్క చూడండి. ప్రభుత్వోద్యోగులు వాడుకోని ఆర్జిత సెలవులను రిటైరైన రోజున 300 రోజుల దాకా డబ్బుగా మార్చుకోవచ్చు. ఆ మొత్తంతో అమ్మాయి పెళ్లి నగలో, ఇంటి పైఅంతస్తో లేస్తుంది, నిజమే. కానీ దాదాపు ఏడాది విశ్రాంతిని దాచిపెట్టి అమ్ముకున్నవాళ్లకు అరవై ఏళ్లు దాటాక హఠాత్తుగా విశ్రాంతి తీసుకోవడం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఏడాది అందులోంచి ఓ పది రోజులు తీసి వాడండి. పెళ్లికో, పరీక్షలకో, ఆసుపత్రికో కాకుండా పెట్టే సెలవు. కారణం అని ఉన్నచోట 'సొంత పని' అని రాయండి. ఆ పది రోజుల్లో మొదటి నాలుగు రోజులు విసుగ్గానే ఉంటాయి. ఐదో రోజు కోసం ఆగండి.